చిన్నాకు, జంప్‌సీట్ సంగతి

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఆగస్టులో అక్క శ్రీమంతానికి షార్లెట్ వెళ్తానన్నావు, చాలా సంతోషం. చికాగో దాకా మీ కంపెనీ విమానంలో స్టాఫ్ టికెట్ మీద వెళ్తావు, అంతవరకు బాగానే ఉంది. "అక్కణ్ణుంచి ఏదో ఒక అమెరికా ఫ్లైట్‌లో జంప్‌సీట్ అడుగుతా మామా, నేనూ పైలట్‌నే కదా" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. జంప్‌సీట్ అంటే కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే అదనపు సీటు, వెనక ప్రయాణికుల సీటు కాదు.

అడిగితే ఇవ్వరు. వాళ్ళకి మర్యాద లేక కాదు, ఇవ్వాలనుకున్నా కుదరదు. అమెరికాలో ఒక కంపెనీ పైలట్ ఇంకో కంపెనీ కాక్‌పిట్‌లో కూర్చోవాలంటే కాస్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఒప్పుకోవాలి. గేట్ దగ్గరున్న అమ్మాయి అతని కంపెనీ పేరూ ఉద్యోగి నంబరూ కొడుతుంది. అతను ఇవాళ్టికి ఉద్యోగంలో ఉన్నాడో లేదో సొంత కంపెనీ నుంచి జవాబొస్తుంది, తెర మీద ఫోటో కూడా పడుతుంది. ఎదురుగా ఉన్న ముఖమూ ఫోటోలో ముఖమూ ఒకటైతేనే ముందుకు. మీ గల్ఫ్ కంపెనీ ఆ వ్యవస్థలో లేదు. నీ ఐడీ కార్డు ఎంత మెరిసినా ఆ కంప్యూటర్‌కి నువ్వెవరో తెలియదు.

మా రోజుల్లో ఇంత ఉండేది కాదు. 1994 ఏప్రిల్ 7న ఫెడెక్స్ 705 అనే సరుకుల విమానం మెంఫిస్‌లో లేచినప్పుడు జంప్‌సీట్ మీద ఎక్కినవాడు ఆ కంపెనీ ఫ్లైట్ ఇంజనీరే. గిటార్ పెట్టెలో సుత్తులు దాచి తెచ్చి సిబ్బంది మీద పడ్డాడు. ముగ్గురు సిబ్బంది తలలు పగిలినా అతన్ని అదిమిపట్టి విమానాన్ని వెనక్కి తెచ్చి దింపారు. ప్రాణాలు దక్కాయి గానీ వాళ్ళు మళ్ళీ ఆ ఉద్యోగానికి రాలేకపోయారు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత ఎలాగూ కాక్‌పిట్ తలుపులు బిగిశాయి. మొన్న 2023 అక్టోబరులో ఎవరెట్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానంలో, సెలవులో ఉన్న పైలట్ ఒకడు జంప్‌సీట్ లోంచి చెయ్యి చాచి రెండు ఇంజన్లనూ ఆపేసే ఫైర్ హ్యాండిళ్ళు లాగబోయాడు. అతని దగ్గర అన్ని కాగితాలూ ఉన్నాయి, కంప్యూటరూ సరే అంది. ఇక కంప్యూటర్‌కి తెలియని నిన్ను ఎలా కూర్చోబెడతారు, నువ్వే చెప్పు.

కాబట్టి ముందు సీటు మర్చిపో, వెనక సీటు సంగతి చూద్దాం. మీ కంపెనీకి ఏ అమెరికా కంపెనీతో జెడ్ ఫేర్ ఒప్పందం, అంటే ఒకరి ఉద్యోగులకి ఇంకొకరు ఇచ్చే తక్కువ రేటు టికెట్ల ఒప్పందం, ఉందో మీ స్టాఫ్ ట్రావెల్ వాళ్ళని అడుగు. దూరాన్ని బట్టి జోన్లుగా రేటు ఉంటుంది, చవకే. కానీ అది స్టాండ్‌బై, సీటు మిగిలితేనే ఎక్కనిస్తారు. అక్కడ వరసలో ముందు వాళ్ళ ఉద్యోగులూ వాళ్ళ కుటుంబాలూ ఉంటారు. మనలాంటి బయటివాళ్ళు తోక దగ్గర. గేట్ పైన తెర మీద ఇంటిపేరులో మొదటి మూడు అక్షరాలూ పక్కన నంబరూ వేస్తారు. ఆ నంబరు వైపు చూస్తూ గంటలు గడపడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఒక ఏడు సెలవు అయిపోయి తిరిగొస్తూ ఇలాగే ఇరుక్కున్నా. ఊరూ కంపెనీ ఎందుకులే. పొద్దున ఫ్లైట్‌కి నా నంబరు నాలుగు, ఖాళీలు ఆరు. హాయిగా కాఫీ తాగుతున్నా. పదింటికి ఉరుములు మొదలయ్యాయి. వాన పడితే జనం ప్రయాణం మానుకుంటారు, సీట్లు మిగులుతాయి అనుకున్నాను, పిచ్చివాణ్ణి. రద్దయిన ఫ్లైట్లలో డబ్బు పెట్టి కొన్నవాళ్ళందరినీ మిగిలిన ఫ్లైట్లలోకి సర్దుతారు, అదీ మనకంటే ముందు. సాయంత్రానికి నా నంబరు ఇరవై మూడు. రాత్రి అక్కడే కుర్చీలో పడుకున్నా. మర్నాడు చచ్చినట్టు పూర్తి ధర పెట్టి టికెట్ కొన్నా, అయినా డ్యూటీకి ఒక రోజు ఆలస్యం. చీఫ్ పైలట్ నన్ను తిట్టలేదు, "నీ బదులు వెళ్ళినవాడి కూతురి పుట్టినరోజు నిన్న" అన్నాడంతే. తిట్టి ఉంటే బాగుండేది.

షార్లెట్ కూడా అలాంటి చోటే. పెద్ద హబ్, సగానికి పైగా జనం విమానం మారడానికే దిగుతారు. ఆగస్టులో మధ్యాహ్నం దాటితే ఉరుముల భయం, ఇటు చికాగోలోనూ అంతే. అందుకని పొద్దున మొట్టమొదటి ఫ్లైట్ పట్టు. శుక్రవారం సాయంత్రం, ఆదివారం జోలికి పోకు. రెండో దారి కూడా పెట్టుకో. దగ్గర్లోని గ్రీన్స్‌బరోకో రాలీకో సీటు దొరికితే ఎక్కెయ్, బావ కారేసుకుని వస్తాడు, గంటన్నరో రెండున్నర గంటలో. రోడ్డు మీద చికాగో నుంచి మాత్రం పన్నెండు గంటలు పైనే, ఆ ఆలోచన పెట్టుకోకు. వెళ్ళేటప్పుడు స్టాండ్‌బై అయినా పర్వాలేదు, శ్రీమంతం రోజుకి రెండు రోజులు ముందే బయల్దేరతావు కాబట్టి. తిరుగు ప్రయాణానికి మాత్రం షార్లెట్ నుంచి చికాగోకి టికెట్ కొనుక్కో. డబ్బులు లేవంటే చెప్పు, నేను పంపిస్తా. చికాగో నుంచి మీ విమానం కూడా స్టాండ్‌బైయే కదా, డ్యూటీకి ముందు కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకో.

వీసా సంగతి అడగలేదు, నేనే చెప్తున్నా. నీ పాస్‌పోర్టులో ఉన్నది సీ వన్ డీ, సిబ్బంది వీసా. అది డ్యూటీ మీద వెళ్ళేవాడికి, 29 రోజుల లోపు మళ్ళీ విమానమెక్కి వెళ్ళిపోయేవాడికి. సెలవు పెట్టి అక్క ఇంటికి వెళ్ళేవాడికి బీ వన్ బీ టూ, అంటే సందర్శకుల వీసా ఉండాలి. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర "శ్రీమంతం" అని మొదలుపెట్టి ఆ సిబ్బంది వీసా చూపించావనుకో, నీ ఉద్యోగానికే ఎసరు. ఆ బీ వన్ బీ టూ లేకపోతే ఇవాళే అపాయింట్‌మెంట్ తేదీలు చూడు, మిగతావన్నీ దాని తర్వాతే.

దేశీయ ఫ్లైట్‌కి కూడా పాస్‌పోర్ట్ చేతిలో ఉంచుకో. వాళ్ళ సిబ్బందికి సెక్యూరిటీలో వేరే దారి ఉంటుంది, నువ్వు ఆ లైనులో నిలబడకు. యూనిఫాం వేసుకోకు, అలాగని చెప్పులూ బెర్ముడా వేసుకుని కూడా పోకు, స్టాఫ్ టికెట్ మీద వెళ్ళేవాడి బట్టలు కూడా కంపెనీ పరువే. పెట్టె చెకిన్ చెయ్యకు, అది ఒక ఊరూ నువ్వొక ఊరూ అవుతారు. చేతి సంచీ ఒక్కటే. అంటే అమ్మ ఇచ్చే ఆవకాయ జాడీ కుదరదు. నూనె ఉన్న పచ్చడిని సెక్యూరిటీ వాళ్ళు ద్రవం కింద లెక్కేస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే చెత్తబుట్టలో వేస్తారు. నా కళ్ళ ముందే కిలో మాగాయ పోయింది, గార్డు మూత తీసి వాసన చూసి దగ్గాడు కూడా. సున్నుండలు పెట్టమను, అవి దాటతాయి.

లోపలికెళ్ళాక బోర్డింగ్ హడావుడిలో కాక్‌పిట్ తలుపు దగ్గరికి పోయి "నేనూ పైలట్‌నే" అని నిలబడకు. సీటు దొరికిందా, దణ్ణం పెట్టి కూర్చో. దిగేటప్పుడు తలుపు తీసి ఉండి కెప్టెన్ కనబడితే థాంక్స్ చెప్పు, అది చాలు.

ఎప్పుడో ఒకప్పుడు నీకు ఆ ముందు సీటు నిజంగా దొరుకుతుంది, మీ కంపెనీలోనో మనదేశంలోనో. అప్పుడు ఎలా ఉండాలో కూడా చెప్తా. అది టికెట్ కాదు, పరాయి వాళ్ళ వంటింట్లో పీట. ముందు కెప్టెన్‌ని అడుగు, లైసెన్సూ ఐడీ అడక్కముందే చూపించు. కూర్చోగానే ఆక్సిజన్ మాస్కు ఎక్కడుందో, బెల్టులు ఎలా ఊడతాయో తెలుసుకో. ఫోన్ జేబులోంచి తియ్యకు.

737లో ఆ సీటు గోడలోంచి మడత విప్పి తలుపుకు అడ్డంగా వేస్తారు. నేను మొదటిసారి కూర్చున్నది పాత 737-200లో, విశాఖ వెళ్తూ. మోకాళ్ళు పైలట్ల మధ్య ఉండే మీటల దిమ్మకి (పెడెస్టల్) తగులుతూ, వీపు తలుపుకి ఆనుతూ. ఎవరైనా బయటికెళ్ళాలంటే నేను లేచి సీటు మడవాలి. దిగుతుండగా కింద కంట్రోల్ వాళ్ళు ఆరువేల అడుగులకు రమ్మన్నారు, కెప్టెన్ ఎత్తు పెట్టే మీట ఐదువేలకి తిప్పాడు. కో పైలట్ చార్టు చూసుకుంటున్నాడు. పెద్దాయన, నాకంటే ఇరవై ఏళ్ళు సీనియర్. గొంతు తడారిపోయింది గానీ "సర్, ఆరువేలన్నారు" అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా ఆరువేలకి తిప్పాడు. దిగాక క్యాంటీన్‌లో టీ ఇప్పించాడు, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అంతకు మించి పదివేల అడుగుల కింద నోరు విప్పకు. ఆ రూల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా, అక్క ఉంటున్న ఊరి నుంచే. 1974 సెప్టెంబర్ 11 పొద్దున ఈస్టర్న్ కంపెనీ 212 విమానం పొగమంచులో షార్లెట్‌కి దిగుతూ రన్‌వే చేరకముందే నేలకి తగిలింది. డెబ్బై మందికి పైగా పోయారు. ఆఖరి నిమిషాల దాకా కాక్‌పిట్‌లో రాజకీయాలూ పాత కార్ల బేరాలూ మాట్లాడుకున్నారని రికార్డర్‌లో తేలింది. 1981లో అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ ఆ రూల్ పెట్టింది.

వీసా తేదీ దొరికాక ఫోన్ చెయ్యి. సున్నుండలకి మినుములు నేనే పంపిస్తానని అమ్మకి చెప్పు, మా ఊరి పొట్టు మినుములైతేనే ఆ రుచి.

మామయ్య