టీకా వేసినా మారెక్స్ వస్తోందంటే ముందు దుమ్ము చూడండి

మారెక్స్ అంటే కోళ్లకు కాళ్లు పడిపోయి, కణితులు వచ్చే వైరస్ జబ్బు. లోపం టీకాలో కంటే షెడ్డు దుమ్ములో ఉండే అవకాశమే ఎక్కువ. మీరు ఒక్క రోజు వయసు కోడిపిల్లలకే టీకా వేయించినా 10వ వారంలో ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి చాచి పడిపోతున్నాయన్నారు, పక్క గదిలోనే పెద్ద కోళ్లు ఉన్నాయన్నారు.

ఈ హెర్పిస్ వైరస్ ఈకల మొదళ్లలో తయారై, రాలే పొట్టుతో గాల్లోకి లేస్తుంది. పిల్ల పీల్చితే ఊపిరితిత్తుల నుంచి తెల్లరక్తకణాల్లోకి వెళ్లి పెరుగుతుంది. తర్వాత టి కణాల్లో (ఒక రకం తెల్లరక్తకణాలు) నక్కుతుంది, కణితులు పుట్టేది వాటిలోనే. టీకా పట్టడానికి దాదాపు వారం కావాలి. ఆ వారం పిల్లల్ని దుమ్ముకు దూరంగా ఉంచడమే అందరూ వదిలేసే పని. టీకా వేసిన పెద్ద కోడి కూడా వైరస్‌ను వదులుతూనే ఉంటుంది, టీకా ఆపేది కణితుల్నే.

1. లిట్టర్ (నేల మీద పరిచిన ఊక) మొత్తం తీసేయండి. జాలీ, ఫ్యాన్ రెక్కలు, దూలాల మీది బూడిదరంగు దుమ్ములో వైరస్ నెలల తరబడి బతుకుతుంది. కడిగాకే క్రిమిసంహారక మందు కొట్టండి.
2. పిల్లలకు వేరే షెడ్డు. మేత ముందు వాటికి, ఆ తర్వాతే పెద్దవాటికి.
3. నైట్రోజన్‌లో గడ్డకట్టించిన టీకా అయితే, కరిగించిన గంటలోపు వేశారా అని హేచరీని అడగండి.
4. చనిపోయిన కోడిని వెటర్నరీ డాక్టర్‌తో కోయించి రెండు తొడ నరాలూ పోల్చమనండి. ఒకటి లావెక్కి, అడ్డచారలు మాసిపోయి ఉంటే మారెక్సే అయ్యుంటుంది.

పడిపోయినవాటికి మందు లేదు, ఇప్పుడు టీకా వేసినా లాభం లేదు. వేరు చేయండి.