నా పాటల మిక్సింగ్ నేనే చేసుకోవాలా, ఇంజనీరుకు ఇవ్వాలా?

మీ దగ్గర ఆరు పాటలు సిద్ధంగా ఉన్నాయి. ఇంట్లో ఒక మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, మంచి హెడ్‌ఫోన్లు ఉన్నాయి. అంతా సొంతంగా చేసుకోవాలా, లేక ఉన్న కాస్త డబ్బూ పెట్టి ప్రొడ్యూసర్‌నో సౌండ్ ఇంజనీర్‌నో పెట్టుకోవాలా అని అడిగారు. నేను రెండు దారుల్లోనూ నడిచాను, రెండింటిలోనూ దెబ్బ తిన్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: రికార్డింగ్ దాకా మీరే చేయండి, మిక్సింగ్ మాత్రం, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతును, వాద్యాలను సమతూకంగా కలిపే పనిని, మరొకరి చెవికి అప్పగించండి.

నా మొదటి పాటను మూడు నెలలు మిక్స్ చేశాను. రోజూ రాత్రి ఇంట్లో వాళ్లు పడుకున్నాక, స్పీకర్ల శబ్దం తగ్గించుకుని కూర్చునేవాడిని. బేస్, అంటే కింది స్థాయి బరువైన శబ్దం, ఎప్పుడూ పలచగానే వినిపించేది. అందుకని కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాను. ఒకరోజు మిత్రుడి కారులో ఆ పాట వేస్తే తలుపులు అదిరిపోయాయి, గొంతు మాత్రం ఎక్కడో అడుగున పడి ఉంది. ఆ రోజు నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

కారణం తర్వాత తెలిసింది. నా గది పొడవు సుమారు 3.4 మీటర్లు. ధ్వని సెకనుకు 343 మీటర్ల వేగంతో వెళ్తుంది కాబట్టి, అంత దూరంలో ఉన్న ఎదురెదురు గోడల మధ్య 50 హెర్ట్జ్ (సెకనుకు 50 కంపనాలు) దగ్గర, బేస్ స్థాయిలో, ఒక స్థిర తరంగం ఏర్పడుతుంది. దాని ఒత్తిడి గోడల దగ్గర ఎక్కువ, సరిగ్గా నడిమధ్యన దాదాపు సున్నా. నేను కుర్చీ వేసుకున్నది ఆ నడిమధ్యనే, అందుకే ఆ బేస్ నాకు దాదాపు వినిపించలేదు. దానికి తోడు, శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ ఇంకా తక్కువగా వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అంటే గది ఒకవైపు, రాత్రి వేళ మరోవైపు నన్ను పక్కదారి పట్టించాయి. గోడలకు పలచటి ఫోమ్ ముక్కలు అంటించాను కూడా. అవి కీచుగా ఉండే పై స్థాయి శబ్దాలను కాస్త మెత్తబరుస్తాయి, బేస్‌ను మాత్రం ఏమీ చేయలేవు.

చివరికి ఆ పాటను ఒక ఇంజనీరు దగ్గరకు తీసుకెళ్లాను. పక్కనే కూర్చోనిచ్చారు. ఆయన దేన్నీ ముట్టుకోకుండా పాటంతా ఒకసారి విన్నారు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "పల్లవిలో వినేవాళ్ల మనసు దేని మీద నిలవాలి?" గొంతు మీద అన్నాను. వెనకాల నేను ఒకదాని మీద ఒకటి పేర్చిన నాలుగు సింథ్ ట్రాకుల్లో మూడింటిని మ్యూట్ చేశారు. గిటార్‌లో 300 హెర్ట్జ్ చుట్టుపక్కల కొంచెం తగ్గించారు. గొంతును ఒక్క డెసిబెల్ కూడా పెంచలేదు. అయినా అది ముందుకొచ్చి నిలబడింది. ఆ గొంతుకు కావలసింది చోటు మాత్రమే.

ఆయన వాడిన ప్లగిన్‌లలో (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాముల్లో) చాలావరకు నా కంప్యూటర్‌లోనూ ఉన్నాయి. నేను ఆ మూడు ట్రాకులను ఎందుకు తీసేయలేకపోయానంటే, ఒక్కొక్కదాని వెనక ఎన్ని రాత్రులు పోయాయో నాకు తెలుసు. ఆయనకు తెలియదు. ఆ తెలియకపోవడానికే నేను డబ్బు ఇచ్చాను, ఇప్పటికీ ఆనందంగా ఇస్తాను.

ఇక రెండో దెబ్బ. ఆ ఉత్సాహంలో తర్వాతి పాటను మొత్తంగా ఒక ప్రొడ్యూసర్ చేతిలో పెట్టాను. ఏం కావాలో వివరంగా చెప్పలేదు. రెండు వారాలకు పాట తళతళలాడుతూ వచ్చింది. చరణం చివర గొంతు శ్రుతికి కొద్దిగా కింద మొదలై మెల్లగా పైకి జారే చోటు ఒకటుంది. ఆ పాటకు ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం. శ్రుతిని సాఫ్ట్‌వేర్‌తో సరిచేసే పిచ్ కరెక్షన్‌లో ఆ జారుడు గీత గీసినట్టు చదునైపోయింది. ఊపిరి తీసుకున్న చప్పుళ్లు కూడా తీసేశారు. ఆయన దృష్టిలో అవన్నీ దోషాలు, సరిదిద్దారు. ఏవి దోషాలు కావో చెప్పవలసింది నేను. అప్పటి నుంచి ప్రతి పాటతో పాటు ఒక పేజీ రాసి పంపుతున్నాను: ఏది కదపవద్దో, ఏది మీ ఇష్టమో.

ప్రొడ్యూసర్, ఇంజనీర్ ఒకటి కాదు, మీ ప్రశ్నలో రెండూ కలిసిపోయాయి. వేగం ఎంత ఉండాలి, ఏ శ్రుతిలో పాడాలి, చరణం ముందు ఏ వాద్యం ఆగాలి అనేవి ప్రొడ్యూసర్ పని. పాట రూపం మీద మీకే సందేహం ఉంటే డబ్బు అక్కడ పెట్టండి, ఎందుకంటే తడబడే పాటను ఏ మిక్సూ నిలబెట్టలేదు. రూపం స్పష్టంగా ఉంటే మిక్సింగ్ ఇంజనీర్ చాలు. మాస్టరింగ్ గురించి, అంటే మిక్స్ అయిన పాటకు విడుదల ముందు చేసే చివరి మెరుగుల గురించి, ఇప్పుడే ఆలోచించకండి.

ఇంట్లో చేసి ఎవరూ గెలవలేదా అంటే, అమెరికన్ గాయని బిల్లీ ఐలిష్ ఉన్నారు కదా అంటారు. నిజమే, 2019లో వచ్చిన ఆమె మొదటి ఆల్బమ్‌ను ఆమె, అన్న ఫినియస్ కలిసి చాలావరకు ఇంట్లో పడకగదిలోనే రికార్డు చేశారు. కానీ దాన్ని మిక్స్ చేసింది రాబ్ కినెల్‌స్కీ, మాస్టరింగ్ చేసింది జాన్ గ్రీన్‌హామ్. వాళ్ల పేర్లు ఎవరూ గుర్తుచేయరు, అది నాకు బాధగా ఉంటుంది.

రికార్డింగ్ మీరే చేస్తారు కాబట్టి ఒక్క విషయంలో జాగ్రత్త పడండి. గొంతులో గది ప్రతిధ్వని పడితే దాన్ని పూర్తిగా తీయడం ఎవరి తరమూ కాదు. పాడే మనిషి వెనక, పక్కల మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. ఎంత గట్టిగా పాడినా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని శబ్ద మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. పంపేటప్పుడు అన్ని ట్రాకులూ 24 బిట్ వేవ్ ఫైళ్లుగా, ఒకే ప్రారంభ బిందువు నుంచి ఇవ్వండి. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాక్ మీద లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా అణిచే ప్లగిన్) ఉంటే ముందు తీసేయండి. ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చో, ప్రాజెక్ట్ ఫైళ్లు మీకు ఇస్తారో లేదో మొదలుపెట్టక ముందే మాట్లాడుకోండి.

డబ్బు అసలు లేదంటే, మీలాగే పాటలు చేసే మరొకరిని చూసుకోండి. మీ పాట వాళ్లు, వాళ్ల పాట మీరు మిక్స్ చేయండి. నేను ఏడాది పాటు అలాగే చేశాను. పక్కవాళ్ల పాటలో అనవసరమైన ట్రాకును తీసేయడానికి నా చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగేది కాదు.

ఆరింటినీ ఒకేసారి ఇవ్వకండి. మీకు అన్నిటికన్నా నమ్మకంగా ఉన్న ఒక్క పాటను ఇచ్చి చూడండి. అది తిరిగి వచ్చాక మీ మిక్సునూ ఆ మిక్సునూ పక్కపక్కన పెట్టి, రెండింటి శబ్దాన్నీ సమానం చేసి వినండి. కాస్త గట్టిగా మోగేదే మెరుగ్గా ఉన్నట్టు చెవి ఎప్పుడూ మోసపోతుంది. ఆ తర్వాత పక్క గదిలోకి వెళ్లి, తలుపు సగం తెరిచి ఉంచి, మరోసారి వినండి. అక్కడి నుంచి కూడా పల్లవిలో మాటలు ఏ మిక్సులో తేటగా వినిపిస్తున్నాయో చూసి, మిగిలిన అయిదింటి సంగతి అప్పుడు తేల్చుకోండి.