తాతగారి ఫొటోలో భుజం మీద కిరీటం ఉంది, అంటే మేజరేనా?

మీరు అడిగినవి రెండు ఫొటోలు. ఒకటి తలపాగాతో ఉన్న మీ తాతగారిది. భుజం మీద కిరీటం, ఛాతీ మీద నాలుగు రిబ్బన్లు, ఇంట్లో అందరూ ‘మేజరు తాత’ అనే పిలుపు. రెండోది చిన్నతాతగారిది. నేవీ డ్రెస్సు, ఎడమ చేతికి మూడు వి-పట్టీలు.

తాతగారు సుబేదార్ మేజర్ అయ్యుండటానికే ఎక్కువ అవకాశం. బ్రిటిష్ కాలంలో మేజరుకూ సుబేదార్ మేజరుకూ భుజం మీద గుర్తు కిరీటమే. తేడా రెండు చోట్ల దొరుకుతుంది. మొదటిది తలపాగా. సిక్కులను పక్కన పెడితే భారతీయ కమిషన్డ్ ఆఫీసర్లు (సెకండ్ లెఫ్టినెంటు నుంచి పైవాళ్లు) మామూలుగా టోపీ పెట్టుకునేవారు, తలపాగా వాళ్ల కింది స్థాయి సుబేదార్లది. రెండోది కిరీటం కింద భుజానికి అడ్డంగా ఉండే ఎరుపు-పసుపు-ఎరుపు సన్నటి రిబ్బను. పాత ఫొటోల్లో అది ఖాకీలో కలిసిపోతుంది, పెద్దది చేసి చూడాలి. సుబేదారు కింది ర్యాంకు జమేదారుకు ఒక నక్షత్రం, సుబేదారుకు రెండు. అందుకే వీళ్లను సెకండ్ లెఫ్టినెంట్లనీ లెఫ్టినెంట్లనీ పొరబడుతుంటారు. ఇంట్లోవాళ్లు ఏదో గొప్పగా చెప్పారని అనుకోకండి. సుబేదార్ మేజర్ అంటే బెటాలియన్‌కు ఒక్కరే, అందులోని సుబేదార్లందరికీ పెద్ద.

కాలం తేల్చేదీ ఆ కిరీటమే. 1950 జనవరి 26న గణతంత్రం వచ్చాక దాని స్థానంలో అశోకుడి సింహాలు వచ్చాయి. పాత గుర్తులు ఒక్కరోజులో పోలేదు కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వేసుకోండి.

ఛాతీ మీది ఒక్కో రిబ్బనూ ఒక్కో మెడల్‌కు గుర్తు. వాటి దగ్గర చాలామంది బోల్తా పడతారు. 1940ల దాకా చాలా స్టూడియోలు వాడిన ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లకు (ఒక రకం నెగెటివ్ పలకలు) ఎరుపు కనపడదు. ఆ ఫొటోల్లో ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానంగా ఉండే 1939-45 స్టార్ (రెండో ప్రపంచయుద్ధపు మెడల్) రిబ్బను వాటిలో రెండు తెల్ల చారల మధ్య నల్ల చారలా కనిపిస్తుంది. కాబట్టి రంగు ఊహించకండి, చారలు ఎన్నో, వెడల్పెంతో కొలవండి. మధ్యలో వెడల్పాటి ఎరుపు, ఇరుపక్కలా నీలం, ఒక్కో నీలం మధ్యలో సన్నటి నారింజ చార ఉంటే అది బర్మా స్టార్. రిబ్బన్లు ఉండాల్సింది మనిషికి ఎడమ ఛాతీ మీద, అంటే ఫొటోలో మన కుడివైపు. అటు కాకుండా ఉండి, కోటు గుండీలు కూడా ఆడవాళ్ల జాకెట్టులా కుడి అంచు పైకొచ్చి ఉంటే నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు తీశారని అర్థం.

మెడల్స్ ఇంట్లోనే ఉంటే అంతకంటే కావలసిందేముంది! గుండ్రటి వాటి అంచు మీద, నక్షత్రం ఆకారపు వాటి వెనక సర్వీసు నంబరు, పేరు, దళం ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. పీతాంబరి, చింతపండు పెట్టి మాత్రం తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.

ఇక చిన్నతాతగారు. ఆ మూడు పట్టీలు ఆర్మీలో అయితే హవల్దారువి. నావికుడి ఎడమ చేతి మీద అయితే అవి ర్యాంకే కాదు, మచ్చలేని సర్వీసుకు ఇచ్చేవి. ర్యాంకు వాటి పైన ఉంటుంది. ఒక లంగరు ఉంటే లీడింగ్ సీమన్, అడ్డంగా పెట్టిన రెండు లంగర్లు ఉంటే పెట్టీ ఆఫీసరు. కుడి చేతి మీద ఉండేది ఆయన చేసిన పని గుర్తు. టోపీ పట్టీ మీద ‘హెచ్.ఎం.ఐ.ఎస్.’ (హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్) అని ఉంటే 1950కి ముందుది. ఓడ పేరు లేకుండా ఆ అక్షరాలే ఉంటే యుద్ధకాలపు ఫొటో. శత్రువుకు తెలియకూడదని అప్పట్లో పేరు తీసేసేవారు.

విశాఖ ఇళ్లలోని ఫొటోలకు ఇంకో చిక్కుంది. ఖాకీ వేసుకున్న ప్రతివారూ సైనికుడు కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడిన రోజుల్లో ఏఆర్‌పీ వార్డెన్లు, అంటే విమానదాడుల నుంచి జనాన్ని కాపాడే కార్యకర్తలు, ఉండేవారు. పోలీసులు, రైల్వేవాళ్లు, తర్వాతి కాలంలో ఆంధ్రా యూనివర్సిటీ ఎన్‌సీసీ కుర్రాళ్లూ ఉన్నారు. అందుకే భుజం చివర ఉండే ఇత్తడి అక్షరాలను తప్పకుండా చదవాలి. దళం పేరు చెప్పేవి అవే.

అవి చదవాలంటే మంచి స్కాన్ కావాలి. నలుపు తెలుపు ఫొటో అయినా కలర్ మోడ్‌లో, 1200 డీపీఐలో, టిఫ్ ఫైలుగా తీయండి. వెనక వైపు కూడా తీయండి, స్టూడియో ముద్రో పెన్సిల్ రాతో ఉండొచ్చు. మన సముద్రపు తేమకు ప్రింటు ఫ్రేము అద్దానికి అంటుకుపోయి ఉంటే ఊడదీయకండి, ముఖమంతా అద్దానికే వచ్చేస్తుంది. ఫ్లాష్ ఆపేసి, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి అద్దం మీదుగానే ఫొటో తీసుకోండి.

నంబరు దొరికాక ఉత్తరం రాయొచ్చు. నావికుల రికార్డులు ముంబయిలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి. ఆర్మీలో ఏ దళానిది ఆ దళానికే. మద్రాస్ రెజిమెంటుకు తమిళనాడులోని వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజినీర్లకు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్డు. ఫొటో పంపి మనిషెవరో చెప్పమంటే వాళ్లు చెప్పలేరు, వెతికేది నంబరుతోనే. మెడల్ మీద లేకపోతే నానమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో చూడండి.