డాక్టర్ సలహా: షుగర్ ఉంది, తిరుమల మెట్లెక్కాలన్న మొక్కూ ఉంది... నర్సు కోచింగ్‌లో చేరమంటారా?

ప్రశ్న: నా వయసు 51. ఏడేళ్లుగా షుగర్, మూడేళ్లుగా బీపీ ఉన్నాయి. బరువు 74 కిలోలు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, బీపీకి టెల్మిసార్టన్ మాత్రలు వాడుతున్నాను. ఈ మధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సరాసరి చెప్పే రక్త పరీక్ష) 8.8 శాతం వచ్చింది. మా అమ్మాయికి కాన్పు కష్టమైనప్పుడు, తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొస్తే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. మనవడి పుట్టువెంట్రుకలు ఇంకో ఆరు నెలల్లో తీయిస్తున్నాం. డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ అన్నం తగ్గించమంటారు, నడవమంటారు. ఓ వారం చేస్తాను, తర్వాత మళ్లీ మామూలే. మావారికి కిరాణా కొట్టు ఉంది. రాత్రి పదింటికి మూసి వచ్చాకే మా భోజనాలు. ఇప్పుడు ఆసుపత్రిలో సిస్టర్ ఒకరు హెల్త్ కోచింగ్‌లో చేరమంటున్నారు. మొదటిసారి గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడతారట, తర్వాత పదిహేను రోజులకోసారి ఫోన్ చేస్తారట. ‘డాక్టర్ చెబితేనే వినవు, నర్సు చెబితే వింటావా?’ అంటున్నారు మావారు. చేరమంటారా? అసలు నేను కొండెక్కగలనా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చేరండమ్మా, తప్పకుండా చేరండి. కొండెక్కగలరా లేదా అన్నది కొన్ని పరీక్షలు చూశాక తేలాలి, ఆ సంగతి కింద వివరంగా రాస్తాను. ముందు మీవారి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఎందుకంటే నేను కూడా చాలా ఏళ్లు ఆయనలాగే అనుకున్నాను. చెప్పాల్సింది నేను చెప్పాక సిస్టర్ కొత్తగా చెప్పేదేముంటుంది అని.

మా ఓపీకి ఒక పెద్దాయన వచ్చేవారు. ఇన్సులిన్ మీద ఉన్నారు. ఎంత చేసినా షుగర్ దిగడం లేదని రెండుసార్లు డోసు పెంచాను. మూడోసారి వచ్చినప్పుడు మా సిస్టర్ ఆయన్ను పక్కన కూర్చోబెట్టి, ‘బాబాయ్, ఇంట్లో ఎలా వేసుకుంటావో ఒక్కసారి చేసి చూపించు’ అంది. ఆయన చొక్కా పైకెత్తి బొడ్డుకు కుడివైపు వేలు పెట్టారు. అక్కడ నిమ్మకాయంత గడ్డ. నాలుగేళ్లుగా రోజూ అదే చోట పొడుచుకుంటున్నారు, అక్కడైతే నొప్పి తెలియదని. అలా గట్టిపడిన చోట వేసిన ఇన్సులిన్ ఒంటికి సరిగా పట్టదు. సిస్టర్ చోటు మార్చి వేసుకోవడం నేర్పింది. మొదట్లో షుగర్ మరీ పడిపోకుండా నేను డోసు తగ్గించాల్సి వచ్చింది. రెండుసార్లు డోసు పెంచిన నేను ఒక్కసారీ ఆయన పొట్ట చూడలేదు. ఆ రోజు నుంచి ఓపీలో సిస్టర్ మాట్లాడుతుంటే నేను మధ్యలో అడ్డం రావడం మానేశాను.

కోచింగ్ అంటే ఇదే పద్ధతిలో, ఇంకా తీరిగ్గా కూర్చుని చేసే పని. సిస్టర్ మీకు డైట్ చార్టు చేతికిచ్చి పంపించేయరు. మీ రోజు ఎలా గడుస్తుందో అడుగుతారు. ఎన్నింటికి లేస్తారు, టీలో చక్కెర ఎంత, మాత్రలు ఎక్కడ పెట్టుకుంటారు, నిద్ర పడుతుందా, మనసులో దిగులేమైనా ఉందా, మందులకు నెలకు ఎంతవుతోంది... ఇవన్నీ. సమగ్రంగా చూడటం అని వాళ్లు అనేది దీన్నే. మీ ఉత్తరంలో నాకు కళ్లకు కొట్టినట్టు కనిపించింది ఆ పదిగంటల భోజనం. సాయంత్రం ఐదింటికి టీతో పాటు నాలుగు బిస్కెట్లు తింటారేమో. ఎనిమిదింటికి ఆకలేస్తే కాస్త మిక్చర్. పదిన్నరకు మీవారికి వడ్డించి, ఆయన తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నం పారబోయలేక అదీ మీరే తినేసి, పదకొండింటికి పడుకుంటారేమో. ఇది నా ఊహే, పొరపాటు కావచ్చు. కానీ మన ఇళ్లలో షుగర్ ఉన్న ఆడవాళ్లు చాలామందిని అడిగితే వచ్చే జవాబు ఇదే. ‘అన్నం తగ్గించండి’ అని చీటీ మీద రాసే డాక్టర్‌కు ఆ గిన్నె సంగతి తెలియదు. ఐదు నిమిషాల్లో తెలిసే అవకాశమూ లేదు.

ఇంకో తేడా కూడా ఉంది. ఏం మార్చుకోవాలో ఎంచుకునేది మీరే. సిస్టర్ దారి చూపిస్తారు. ఉదాహరణకు మీరు ‘రాత్రి ఎనిమిదింటికల్లా తినేస్తాను’ అన్నారనుకోండి. ‘ఇది చేయగలనన్న నమ్మకం మీకు పదికి ఎంత?’ అని అడుగుతారు. మీరు నాలుగు అంటే, ‘రెండు ఎందుకు కాలేదు?’ అని అడుగుతారు. వినడానికి వింతగా ఉంటుంది కానీ ఇది ఆలోచించి అడిగే ప్రశ్నే. ‘ఎందుకు చేయలేవు’ అని అడిగితే మనం సాకులు వెతుక్కుంటాం. ‘రెండు ఎందుకు కాదు’ అంటే, ‘మా అమ్మాయి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఎనిమిదింటికే తిన్నాను కదా’ అని మనకే గుర్తొస్తుంది. అమెరికాకు చెందిన విలియం మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మద్యం అలవాటున్న వాళ్లతో పనిచేస్తూ 1983లో ఈ మాట్లాడే పద్ధతి గురించి మొదటిసారి రాశారు. తర్వాత షుగర్, బీపీ, పొగ మానడం లాంటి వాటన్నిటికీ వాడుతున్నారు. నమ్మకం ఏడుకు తక్కువగా ఉంటే పనిని చిన్నది చేస్తారు. ఎనిమిదింటికి కాకపోతే తొమ్మిదింటికి. రోజూ కుదరకపోతే వారంలో నాలుగు రోజులు.

మధ్యలో తప్పుతారు. పెళ్లిళ్ల సీజన్ వస్తుంది, పండగలొస్తాయి, పసివాడికి జ్వరమొస్తుంది. అప్పుడు ఫోన్లో సిస్టర్ తిట్టకపోవడం చాలా ముఖ్యం. తిట్లు తిన్న పేషెంట్లు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. టెస్టుకు ముందు రెండు రోజులు అన్నం ముట్టరు. పరగడుపు షుగర్ 118 అని రిపోర్టు పట్టుకుని సంతోషంగా వస్తారు. హెచ్‌బీఏ1సీ మాత్రం 9 ఉంటుంది, అది సుమారు మూడు నెలల సరాసరి కాబట్టి. మమ్మల్ని మోసం చేయాలని కాదు, మళ్లీ మాట పడాల్సి వస్తుందన్న భయం. ఆ భయం మేం పెట్టిందే. సిస్టర్ దగ్గర మాత్రం నిజం చెప్పండి. ‘నాలుగు రోజులు అసలు నడవలేదు’ అని చెబితేనే ఆమె మీకు సాయపడగలరు.

ఇక కొండ సంగతి. చాలామంది డాక్టర్లు ‘షుగర్ పెట్టుకుని మెట్లేంటమ్మా’ అని ఒక్క మాటలో కొట్టేస్తారు. గుండె జబ్బు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు కాలినడక మానుకోవడం మంచిదని టీటీడీ కూడా సూచించింది, అందులో న్యాయముంది. అయినా మీ మొక్కును నేను కొట్టిపారేయను. ‘హెచ్‌బీఏ1సీ 7కి దిగాలి’ అన్నది నా లక్ష్యం. దానికోసం మీరు తెల్లవారుజామున లేచి నడవరు. మనవడి కోసం మొక్కిన మొక్కు తీర్చుకోవడానికి లేస్తారు. మంచి కోచ్ పట్టుకునేది ఆ కోరికనే. ఆ దారిలో షుగర్ కూడా దిగుతుంది.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. అంతస్తుకు 20 మెట్లు చొప్పున లెక్కేస్తే దాదాపు 178 అంతస్తులు. గాలిగోపురం దాకా నిట్టనిలువు ఎక్కుడు, ఆ తర్వాత చాలా దూరం చదును, చివర్లో మళ్లీ మోకాళ్ల పర్వతం. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే కానీ ఆగకుండా ఎక్కుడే, కాబట్టి అది తేలికని అనుకోవద్దు. ఈ సాధన మొదలుపెట్టే ముందే మీ డాక్టర్‌ను కలిసి ఈసీజీ, అవసరమైతే ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) చేయించుకోండి. షుగర్ ఉన్న ఆడవాళ్లలో గుండె ఇబ్బంది ఛాతీనొప్పి లేకుండా ఆయాసంగానో నీరసంగానో బయటపడవచ్చు. కంటి వెనక పొర చూపించుకోండి. అక్కడ కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే, బాగా శ్రమపడినప్పుడు అవి చిట్లే ప్రమాదం ఉంది. కిడ్నీ పరీక్ష కూడా ఏడాదికోసారి చేయించాల్సిందే.

అన్నిటికన్నా నాకు భయం మీ పాదాల గురించి. మనవాళ్లు కొండ చెప్పుల్లేకుండా ఎక్కుతారు. ఏడేళ్ల షుగర్‌లో అరికాళ్ల స్పర్శ తగ్గి ఉండవచ్చు. తగ్గిందన్న సంగతే మనకు తెలియదు. సిస్టర్ చేతిలో సన్నటి ప్లాస్టిక్ తీగ ఒకటి ఉంటుంది, మోనోఫిలమెంట్ అంటారు. మిమ్మల్ని కళ్లు మూసుకోమని దాన్ని బొటనవేలి కింద, పాదం ముందు భాగంలో వంగేదాకా ఆనిస్తారు. తగిలినప్పుడల్లా చెప్పాలి. ఏ చోటైనా తెలియలేదంటే ఉత్త కాళ్లతో మెట్లెక్కడానికి నేను ఒప్పుకోను. చిన్న రాయి గుచ్చుకుని పుండై, వేలు తీసేయాల్సి వచ్చిన వాళ్లను చూశాను. మొక్కు నియమాల గురించి చెప్పేవాణ్ని కాను గానీ, పాదం విషయంలో మాత్రం గట్టిగానే చెబుతాను. స్పర్శ బాగానే ఉన్నా, కొండెక్కాక ఒక చోట కూర్చుని అరికాళ్లు అద్దంలోనో మీ అమ్మాయితోనో చూపించుకోండి.

పరీక్షలు బాగుంటే ఆరు నెలలు చాలు. మొదటి రెండు వారాలు రోజుకు రెండు అంతస్తులు, భోజనం తర్వాత పది నిమిషాల నడక. ఎక్కుతూ మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. వారం వారం కొంచెం పెంచుకుంటూ పోతే నాలుగో నెలకల్లా స్తంభాద్రి నరసింహస్వామి గుట్ట ఎక్కి చూడండి. మీ ఊళ్లోనే ఉంది కదా. దిగేటప్పుడు మోకాళ్లు ఎలా ఉన్నాయో సిస్టర్‌కు చెప్పండి. ఛాతీ బిగబట్టినట్టు ఉన్నా, దవడకో చేతికో నొప్పి పాకినా, చల్లటి చెమటలు పట్టినా అక్కడే ఆగిపోయి 108కి ఫోన్ చేయించాలి.

మీరు వాడే గ్లిమిపిరైడ్ షుగర్‌ను మరీ కిందికి దించగలదు. ఉపవాసంతో కొండెక్కడం మీకు అసలు కుదరదు. ఆ రోజు మాత్ర వేసుకోవాలా, సగం చేయాలా అన్నది ముందుగానే మీ డాక్టర్‌ను అడగండి, సొంతంగా మానొద్దు. కాళ్లు వణికి, చెమట పట్టి, కళ్లు తిరిగితే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70కి తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. ఆ చక్కెర పొట్లం మీ కొంగున ఉండాలి, వెనకాల వచ్చేవాళ్ల బ్యాగులో కాదు.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అని మీవారు అడిగితే ఈ మాట చెప్పండి. చెన్నైలో షుగర్ వచ్చే దశలో ఉన్న 531 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. తిండి, నడక గురించి పదే పదే కలిసి చెప్పిన వాళ్లలో జబ్బు దాకా వెళ్లడం 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 26.4 శాతం. అది షుగర్ రాకముందు సంగతి, మీకు వచ్చేసింది కాబట్టి మాత్రలు ఉండాల్సిందే. కోచింగ్ వాటికి తోడు. దాంతో హెచ్‌బీఏ1సీ రాత్రికి రాత్రి 8.8 నుంచి 6కు పడిపోదు. కానీ ఒక్క శాతం తగ్గినా తక్కువేం కాదు. బ్రిటన్‌లో వేలమందిని ఏళ్ల తరబడి గమనించి 2000లో చెప్పిన లెక్క ప్రకారం, ఒక శాతం తక్కువున్న వాళ్లలో కళ్లు, కిడ్నీల్లాంటి చోట్ల సన్నటి రక్తనాళాల ఇబ్బందులు 37 శాతం తక్కువ.

ఒక్క జాగ్రత్త. ‘హోలిస్టిక్’ (సమగ్ర వైద్యం) అన్న పేరు పెట్టుకుని పొడులు, డబ్బాలు అమ్మేవాళ్లు చాలామంది తయారయ్యారు. కోచ్ అన్నవాళ్లు మీకు ఏదైనా అమ్మబోయినా, ఇంగ్లిష్ మందులు మానేయమన్నా ఆ ఫోన్ మళ్లీ ఎత్తొద్దు. జీఎన్‌ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన వాళ్లేనా అని అడగడంలో తప్పులేదు. డబ్బు పెట్టలేని పాఠకులు దగ్గర్లోని పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా, ఆంధ్రలో అయితే విలేజ్ క్లినిక్‌లో అడగండి. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ అక్కడ ఉచితంగా చూస్తారు. ఆంధ్ర క్లినిక్‌లలో ఉండేది బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లే. వేలమంది జనాభాకు ఒక్కరే కాబట్టి గంట సమయం ఇవ్వలేకపోవచ్చు, కానీ ‘నా పాదం ఒకసారి చూడండమ్మా’ అంటే కాదనరు.

మొదటి సిట్టింగ్‌కు వెళ్లేటప్పుడు వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ, గ్లూకోమీటరు, పాత రిపోర్టులు ఒక సంచిలో వేసుకోండి. రోజూ వేసుకునే చెప్పులతోనే వెళ్లండి, అవి ఎక్కడ అరిగాయో సిస్టర్ చూస్తారు. మీవారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. కొట్టు తొమ్మిదింటికి మూయడం కుదురుతుందా, లేదంటే మీరు ముందే తినేస్తే ఆయన తనకు తాను వడ్డించుకుంటారా అన్నది సిస్టర్ ఆయన్నే అడగాలి.