గ్రబ్ కనిపిస్తోందంటే కార్డు బాగున్నట్టే

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. పాత ఏఎండీ గ్రాఫిక్స్ కార్డు తీసి ఎన్విడియా కార్డు పెట్టాను. విండోస్‌లో ఆటలు కూడా హాయిగా నడుస్తున్నాయి. కంప్యూటర్ మొదలవగానే ఏ వ్యవస్థ కావాలో అడిగే గ్రబ్ మెనూలో ఉబుంటు ఎంచుకుంటే మాత్రం తెర నల్లబడి అలాగే ఉండిపోతోంది. కార్డులో లోపమా? 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలడం లేదా? ఉబుంటును తుడిచేసి మళ్లీ ఎక్కించమని మా తమ్ముడు పోరుపెడుతున్నాడు.
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ తమ్ముడిని కీబోర్డుకు కాస్త దూరంగా కూర్చోబెట్టండి. ఉబుంటును కొత్తగా ఎక్కించబోతే ఆ పెన్‌డ్రైవ్ కూడా ఇదే నల్ల తెర చూపించవచ్చు.

మెనూ కనిపిస్తోంది, విండోస్‌లో ఆటలూ నడుస్తున్నాయి కాబట్టి కార్డు, కేబులు, మానిటరు బాగున్నాయి. విద్యుత్తు చాలకపోతే ఆట మధ్యలో, కార్డు గట్టిగా పనిచేసేటప్పుడు కంప్యూటర్ ఆరిపోతుంది. ఊరికే ఉబుంటు తెరుచుకునే సమయంలో కాదు. ఎస్‌ఎంపీఎస్‌ను వదిలేయండి.

చిక్కంతా డ్రైవరు దగ్గర, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ దగ్గర ఉంది. ఏఎండీ కార్డుల డ్రైవరు ఉబుంటుకు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్‌లోనే ఉంటుంది, అందుకే ఇన్నాళ్లూ మీకు ఆ సంగతే తెలియలేదు. ఎన్విడియాకు కెర్నల్‌లో ఉన్నది నూవో అనే డ్రైవరు. కొత్త కార్డులు దానికి సరిగ్గా లొంగవు. తెరను చేతిలోకి తీసుకోబోయి నూవో అక్కడే చతికిలబడుతుంది.

ముందు నూవోను తెర జోలికి పోనివ్వకుండా లోపలికి వెళ్లాలి. గ్రబ్‌లో ఉబుంటు పేరు మీద ఉండగా ఇంగ్లీషు ‘e’ కీ నొక్కండి. ‘లినక్స్’ (linux) అనే మాటతో మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి ‘నోమోడ్‌సెట్’ (nomodeset) అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా చేర్చి ఎఫ్10 నొక్కండి. తెర మొరటుగా, పెద్ద పెద్ద అక్షరాలతో రావచ్చు. కంగారు పడకండి, ఈ మార్పు ఆ ఒక్కసారికే. ఇప్పుడు ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచి, ‘రికమెండెడ్’ అని ఉన్న ఎన్విడియా డ్రైవరును ఎంచుకోండి.

ఇక్కడ నేను ఒక పూట పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోకండి. నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడవనిచ్చే సెక్యూర్ బూట్ పనిచేస్తూ ఉంటే డ్రైవరు ఎక్కేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడగవచ్చు. కంప్యూటర్ మళ్లీ మొదలవగానే నీలం తెర వస్తుంది. విండోస్ ఏదో గొణుగుతోందనుకుని నేను చూస్తూ కూర్చున్నాను. పది సెకన్లలో అది తన దారిన వెళ్లిపోయింది, డ్రైవరు ఎక్కినట్టే ఉండి పనిచేయలేదు. ఆ తెర రాగానే ఏదో ఒక కీ నొక్కి, ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డే ఇవ్వాలి. కెర్నల్‌కు ఆ డ్రైవరు మీద నమ్మకం కుదిరేది అప్పుడే.

సెక్యూర్ బూట్‌నే తీసేస్తే పోలేదా అని ఎవరో ఒకరు చెబుతారు (మీ తమ్ముడే కావచ్చు). ఉబుంటుకు అది పనికొస్తుంది. కానీ విండోస్ డ్రైవుకు బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉంటే, మరుసటిసారి అది 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ కాగితం మీద రాసి ఉంచుకున్నాకే, సెక్యూర్ బూట్ సెట్టింగు ఉండే బయోస్‌లో చెయ్యి పెట్టండి.