కార్చిచ్చు వస్తే పెరట్లోని స్విమ్మింగ్ పూల్ నీళ్లు ఇంటిని కాపాడుకోడానికి పనికొస్తాయా?

పనికొస్తాయి, కానీ పెట్రోల్‌తోనో డీజిల్‌తోనో నడిచే విడి పంపు, దానికి తగిన పైపు ఉంటేనే. కాలిఫోర్నియాలో కార్చిచ్చు చెలరేగితే కరెంటు పోవడం మామూలే. పూల్ నీటిని శుభ్రం చేసే మోటారు కరెంటుదే కాబట్టి అదీ ఆగిపోతుంది. కుళాయిల్లో ప్రెషర్ కూడా పడిపోవచ్చు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో పాలిసేడ్స్ మంటలప్పుడు, ఒక్కోటి సుమారు 38 లక్షల లీటర్లు పట్టే మూడు ట్యాంకులు ఖాళీ అయ్యి, ఎత్తు ప్రాంతాల్లో హైడ్రెంట్లు (మంటలార్పడానికి ఫైర్ సిబ్బంది నీళ్లు పట్టుకునే వీధి కుళాయిలు) ఎండిపోయాయి.

ఉదాహరణకు, 60 వేల లీటర్ల పూల్‌కి నిమిషానికి 380 లీటర్లు తోడే పంపు పెడితే రెండున్నర గంటలకు పైగా నీళ్లొస్తాయి. ఇంటి కప్పు, గోడలు, చుట్టూ ఉన్న ఎండు మొక్కలు ముందే తడపొచ్చు. క్లోరిన్ ఉన్నా మంట ఆర్పడానికి ఇబ్బంది లేదు. అయితే ఖాళీ చేసి వెళ్లమని అధికారులు చెప్పాక మాత్రం పైపు పట్టుకుని ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు.

ఈ నీళ్లు మరిగిస్తే తాగొచ్చని చాలామంది పొరపడతారు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ, పూల్‌లో కలిపిన సయనూరిక్ ఆమ్లం, లవణాలు పోవు. టాయిలెట్‌లో పోయడానికైతే నిశ్చింతగా వాడుకోవచ్చు.