పాప కాలేజీ కౌన్సిలర్‌తో (మనసులో బాధలు విని సలహా ఇచ్చేవాళ్లతో) చెప్పుకున్నవి తల్లిదండ్రులకు చెబుతారా?

మామూలు విషయాలైతే చెప్పరు, చెప్పకూడదు కూడా. వీక్లీ టెస్టులో మార్కులు పోయాయనో, హాస్టల్లో ఎవరితోనో మాటల్లేవనో చెప్పుకున్నది బయటికొస్తే పాప మళ్లీ ఆ గుమ్మం తొక్కదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం మీకు చెప్పాలి, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక వేధింపులైతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రకారం పోలీసులకూ చెప్పాల్సిందే.

అసలు కౌన్సిలర్ ఉన్నారా అని ముందు అడగండి. మన వైజాగ్‌లో నీట్‌కి చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులోనే సుప్రీంకోర్టు 2025 జూలైలో, 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సిలర్‌ను పెట్టాలంది, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం వీలైనంతవరకు మానుకోమనీ అంది (మనవాళ్లు వింటారా అన్నది వేరే సంగతి). ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీలో) చేరాలా, నీట్ మళ్లీ రాయడానికి లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి వెళ్లాలా అన్నదీ కౌన్సిలర్‌తో మాట్లాడొచ్చు. అర్ధరాత్రి టెన్షన్ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.